కె1, బి: తెలుగు సెర్చ్‌లో రెండు సంఖ్యలు తెచ్చే మార్పు

తెలుగు వికీపీడియా వ్యాసాలను 5,48,224 చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కో ప్రశ్నకు సమాధానం ఉన్న భాగాన్ని ఏ ర్యాంకింగ్ పద్ధతి ఎంత ముందుకు తేగలదో కొలిచే డేటాసెట్ ఒకటి 2021లో వెలువడింది. దాని పేరు మిస్టర్ టైడై. అందులో తెలుగుతో పాటు అరబిక్, బెంగాలీ, ఇంగ్లీషు, ఫిన్నిష్, స్వాహిలి వంటి మొత్తం 11 భాషలున్నాయి. తెలుగు పరీక్ష ప్రశ్నలు 646. న్యూరల్ నెట్‌వర్క్ ఏదీ లేని ప్రశ్నలోని పదాలను భాగాల్లోని పదాలతో పోల్చి స్కోరు ఇచ్చే పాత బీఎం25 పద్ధతిని దాని డిఫాల్ట్ విలువలతో నడిపినప్పుడు తెలుగులో 0.343 వచ్చింది. ఆ పద్ధతిలోని రెండు పారామీటర్లను మాత్రమే సవరించి నడిపినప్పుడు 0.424 వచ్చింది. ఇండెక్స్ (ఏ పదం ఏ భాగంలో ఉందో చెప్పే పట్టిక), సూత్రం, పదాలను విడగొట్టిన తీరు ఏవీ మారలేదు. కె1, బి అనే రెండు సంఖ్యలు మాత్రమే మారాయి.

ఇక్కడి కొలమానం ఎంఆర్‌ఆర్. సరైన భాగం మొదటి స్థానంలో ఉంటే ఆ ప్రశ్నకు 1, రెండో స్థానంలో ఉంటే 0.5, మూడో స్థానంలో ఉంటే 0.33 చొప్పున ఇచ్చి, అన్ని ప్రశ్నల సగటు తీస్తారు. 0.343 నుంచి 0.424కు చేరడమంటే దాదాపు 24 శాతం పెరుగుదల. ఆ పెరుగుదల మొత్తం రెండో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎగబాకిన ప్రశ్నల వల్లే వచ్చిందనుకుంటే, ప్రతి 100 ప్రశ్నల్లో సుమారు 16 ప్రశ్నలకు సమాధానం ఒక మెట్టు పైకి వచ్చినట్టు లెక్క. వాస్తవంలో మార్పులు వేర్వేరు స్థానాల మధ్య జరిగి ఉంటాయి గానీ, వాడుకరి కంటికి ఆనే తేడా ఎంతో ఈ లెక్క చెబుతుంది.

అదే సవరణ మిగతా భాషల్లో ఇంత మేలు చేయలేదు. ఫిన్నిష్‌లో 0.284 కాస్తా 0.288 అయింది. ఇంగ్లీషులో 0.140 నుంచి 0.151కి, థాయ్‌లో 0.401 నుంచి 0.417కు పెరిగింది. అరబిక్‌లో 0.368 ఉన్నది 0.367కు, బెంగాలీలో 0.418 ఉన్నది 0.413కు తగ్గాయి. తెలుగు ఒక్కటే ఈ వరుసలో విడిగా నిలబడింది. తెలుగు సెర్చ్ మీద పనిచేసే వారెవరైనా ఈ తేడా దగ్గర ఆగి కారణం వెతకాలన్నది నా అభిప్రాయం. ఫలితాలు ప్రచురితమైనవే, కింద రాసిన వివరణ మాత్రం సూత్రాన్ని, తెలుగు వ్యాసాలను పక్కపక్కన పెట్టి చూసి నేను చేరుకున్నది.

రెండు సంఖ్యల పని

బీఎం25 లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో ఒకాపి అనే సెర్చ్ వ్యవస్థ చుట్టూ రూపుదిద్దుకుంది. స్టీఫెన్ రాబర్ట్‌సన్, ఆయన సహచరులు 1994 నాటి మూడో ట్రెక్ అనే సెర్చ్ వ్యవస్థల పోటీలో దాన్ని వాడారు. అరుదైన పదానికి ఎక్కువ బరువు ఇవ్వాలన్న ఆలోచన అంతకు ముందే, 1972లో, కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించినది. సెర్చ్ కోసం విరివిగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లూసీన్ 2016లో 6.0 వెర్షన్‌తో బీఎం25ను డిఫాల్ట్ చేసింది, అదే ఏడాది దాని మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్ 5.0 కూడా దాన్నే అనుసరించింది. ఈరోజు మన వార్తా సైట్లు, గ్రంథాలయ కేటలాగులు, దుకాణాల సైట్లలో అక్షరాలా పదాలను పోల్చి వెతికే భాగం చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తోంది.

సూత్రం చిన్నదే. ప్రశ్నలోని ఒక్కో పదానికి, ఆ పదం ఎంత అరుదైనదో చెప్పే బరువును తీసుకుని, దాన్ని ఒక భిన్నంతో గుణిస్తారు. ఆ భిన్నం పైన (పదం వచ్చిన సంఖ్య) × (కె1 + 1) ఉంటుంది. కింద (పదం వచ్చిన సంఖ్య) + కె1 × (1 − బి + బి × నిడివి ÷ సగటు నిడివి) ఉంటుంది. అన్ని పదాల విలువలను కూడితే ఆ భాగానికి వచ్చే స్కోరు తేలుతుంది.

ఒక పదం మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ప్రతి పునరుక్తికీ ఎంత విలువ ఇవ్వాలో కె1 నిర్ణయిస్తుంది. నిడివి సగటుగా ఉన్న భాగంలో కె1 విలువ 1.2 అయితే, పదం ఒకసారి వస్తే 1, రెండుసార్లు వస్తే 1.375, ఐదుసార్లు వస్తే 1.77, పదిసార్లు వస్తే 1.96 వస్తుంది, ఎన్నిసార్లు వచ్చినా 2.2 దాటదు. మొదటి రెండు మూడు సార్లకే విలువలో ఎక్కువ భాగం దక్కి, ఆ తర్వాత పెరుగుదల మందగిస్తుంది. కె1ను సున్నా చేస్తే పదం ఉందా లేదా అన్నది తప్ప ఎన్నిసార్లు ఉందన్నది లెక్కలోకే రాదు.

బి నిడివికి సంబంధించినది. ఒక రచన పొడవుగా ఉండటానికి రెండు కారణాలు ఉండవచ్చని రాబర్ట్‌సన్ వివరించారు: రాసినవారు ఒకే విషయాన్ని సాగదీసి ఉండవచ్చు, లేదా నిజంగానే ఎక్కువ విషయాలు చెప్పి ఉండవచ్చు. మొదటిదే నిజమైతే పొడవైన రచనకు కోత పడాలి, రెండోదే నిజమైతే పడకూడదు. బి విలువ 1 అయితే పూర్తి కోత పడుతుంది, 0 అయితే కోతే ఉండదు. ఏ సేకరణలోనైనా నిజం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఎక్కడ ఉందన్నది ఆ సేకరణను రాసినవారి అలవాటును బట్టి తేలుతుంది.

లూసీన్ డిఫాల్ట్ విలువలు కె1 = 1.2, బి = 0.75. లూసీన్ మీదే కట్టిన, పరిశోధకులు ఎక్కువగా వాడే అన్సెరిని అనే సాధనం డిఫాల్ట్ విలువలు 0.9, 0.4. రాబర్ట్‌సన్, జరగోసా 2009లో ప్రచురించిన సమీక్షలో కె1కు 1.2 నుంచి 2 వరకు, బికి 0.5 నుంచి 0.8 వరకు సాధారణంగా తగిన పరిధులుగా చెప్పారు. ఆ అనుభవంలో ఎక్కువ భాగం ఇంగ్లీషు వార్తల సేకరణల నుంచి వచ్చిందన్న సంగతి తెలుగుకు వాటిని వాడేవారు గుర్తుంచుకోవాలి.

రచనల స్వభావం మారితే విలువలు ఎంత దూరం జరుగుతాయో చూడటానికి ఎంఎస్ మార్కో అనే ఇంగ్లీషు సెర్చ్ డేటాసెట్ మంచి ఉదాహరణ. అందులో 88 లక్షల చిన్న భాగాలున్న సేకరణ ఒకటి, 32 లక్షల పూర్తి వెబ్ పత్రాలున్నది మరొకటి. చిన్న భాగాలకు అన్సెరిని బృందం సవరించి తేల్చిన విలువలు కె1 = 0.82, బి = 0.68. పూర్తి పత్రాలకు తేలినవి కె1 = 4.46, బి = 0.82. మొదటి దానిలో ఒక పదం పదిసార్లు వచ్చినా ఒకసారి వచ్చిన దానికి 1.7 రెట్ల విలువే దక్కుతుంది. రెండో దానిలో దాదాపు 3.8 రెట్లు దక్కుతుంది. పొడవైన పత్రంలో ఒక పదం మాటవరసకు ఒకసారి దొర్లే అవకాశం ఎక్కువ కాబట్టి, అది పదే పదే రావడం అసలు విషయానికి గట్టి గుర్తు అవుతుంది. అయితే చిన్న భాగాల సేకరణలో ఈ సవరణ వల్ల ఎంఆర్‌ఆర్ 0.184 నుంచి 0.187కు మాత్రమే కదిలింది. ఇంగ్లీషులో డిఫాల్ట్ విలువలు అప్పటికే సరైన చోటుకు దగ్గరగా ఉన్నాయన్నమాట.

ఒక పదం ఉన్న ప్రశ్న, రెండు పదాలున్న ప్రశ్న

ట్యూనింగ్‌కు దిగే ముందు సూత్రంలోని ఒక గుణాన్ని గమనిస్తే చాలా శ్రమ తప్పుతుంది. ప్రశ్నలో ఒకే పదం ఉంటే, లేదా ప్రశ్నలోని ఒకే పదం రెండు భాగాలకూ సరిపోలితే, వాటి మధ్య వరుసను కె1 ఏమాత్రం మార్చలేదు. అక్కడ ఏది ముందుండాలో పదం వచ్చిన సంఖ్యకూ నిడివి సవరణకూ ఉన్న నిష్పత్తి ఒక్కటే తేలుస్తుంది, ఆ నిష్పత్తిలో బి మాత్రమే ఉంటుంది. కె1 వల్ల రెండు స్కోర్ల మధ్య దూరం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, కానీ ముందున్నది ముందే ఉంటుంది.

సగటు నిడివి 40 పదాలు అనుకుందాం. ఒక భాగం 60 పదాల పొడవుండి, మనం వెతికే పేరు అందులో రెండుసార్లు ఉంది. మరో భాగం 15 పదాలే ఉండి, పేరు ఒకసారి ఉంది. అన్సెరిని విలువలతో (0.9, 0.4) లెక్కిస్తే పొడవైన భాగానికి 1.23, చిన్నదానికి 1.13 వస్తాయి. లూసీన్ విలువలతో (1.2, 0.75) లెక్కిస్తే పొడవైనదానికి 1.21, చిన్నదానికి 1.34 వస్తాయి. వరుస తారుమారైంది. ఎక్కడ తారుమారవుతుందో కూడా కచ్చితంగా చెప్పవచ్చు: ఈ రెండు నిడివులకు బి విలువ 0.571 దాటిన క్షణంలో చిన్న భాగం ముందుకు వస్తుంది, కె1 ఎంతైనా సరే.

కె1 ప్రభావం కనిపించాలంటే కనీసం రెండు పదాలు కావాలి. రెండు పదాల బరువులు 6, 4 అనుకుందాం, రెండు భాగాలూ సగటు నిడివివే. ఒక దానిలో రెండు పదాలూ ఒక్కోసారి ఉన్నాయి. దాని స్కోరు కె1 ఎంతైనా 10. రెండో దానిలో 6 బరువున్న పదమే నాలుగుసార్లు ఉంది, మరో పదం లేనే లేదు. కె1 = 0.9 అయితే దాని స్కోరు 9.31, కాబట్టి వెనకబడుతుంది; కె1 = 1.2 అయితే 10.15, కాబట్టి ముందుకు వస్తుంది. అందరూ వాడే రెండు డిఫాల్ట్‌ల మధ్యనే ఈ మలుపు ఉంది. ఒక పదం పునరుక్తి గొప్పదా, ప్రశ్నలోని మరో పదం కూడా దొరకడం గొప్పదా అన్న తగవును తీర్చేది కె1 అని నేను అర్థం చేసుకున్నాను, ఆ దృష్టితో చూసినప్పుడే దాని విలువను ఊహించగలిగాను.

తెలుగు భాగాల స్వభావం

ఈ డేటాసెట్ వచ్చేనాటికి లూసీన్‌లో తెలుగుకు విశ్లేషకం (వాక్యాన్ని పదాలుగా విడగొట్టి, ప్రత్యయాల వంటివి తొలగించే భాగం) లేదు. కాబట్టి తెలుగు వాక్యాలను ఖాళీ ఉన్నచోట విడగొట్టి, వచ్చిన ముక్కలనే పదాలుగా ఇండెక్స్ చేశారు. తెలుగు వాక్యం ఎలా ఉంటుందో తెలిసినవారికి దీని పర్యవసానం వెంటనే అర్థమవుతుంది. 'కొత్తపల్లి', 'కొత్తపల్లిలో', 'కొత్తపల్లికి', 'కొత్తపల్లి,' అనేవి నాలుగు వేర్వేరు పదాలైపోతాయి; చివరిదాన్ని వేరు చేసింది కామా ఒక్కటే. 'జనాభా' అని అడిగిన ప్రశ్నకు 'జనాభాతో' అని ఉన్న వాక్యం సరిపోలదు. ప్రశ్న చివర ప్రశ్నార్థకంతో అతుక్కున్న 'ఎంత?' వ్యాసాల్లో దాదాపు ఎక్కడా దొరకదు.

దీనివల్ల రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది, ఒకే విషయం గురించిన భాగంలో కూడా ఏ ఒక్క రూపమూ ఎక్కువసార్లు రాదు; సంఖ్యలు 1, 2 దగ్గరే ఆగుతాయి. రెండోది, ప్రశ్నలో నాలుగైదు పదాలున్నా భాగంతో సరిపోలేవి ఒకటో రెండో మాత్రమే. అంటే పైన చెప్పిన 'ఒకే పదం సరిపోలిన' స్థితి తెలుగులో తరచుగా ఏర్పడుతుంది, అక్కడ తీర్పు దాదాపు పూర్తిగా బి చేతిలో ఉంటుంది.

దీనికి తెలుగు వికీపీడియా స్వభావం తోడైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల మీద అక్కడ వేలాది వ్యాసాలున్నాయి, వాటిలో చాలావరకు ఒకే మూసలో రాసినవి. ఫలానా గ్రామం ఫలానా మండలానికి చెందినది, సమీప పట్టణం నుంచి ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లతో, ఇంత జనాభాతో, ఇన్ని హెక్టార్లలో విస్తరించి ఉంది అన్నది మొదటి భాగం. ఆ తర్వాత విద్యా సౌకర్యాలు, వైద్య సౌకర్యం, తాగునీరు, రవాణా, భూ వినియోగం అంటూ చిన్నచిన్న భాగాలు వరుసగా ఉంటాయి. డేటాసెట్‌లోని తెలుగు ప్రశ్నల్లో గ్రామ విస్తీర్ణం ఎంత, జనాభా ఎంత అని అడిగేవి చాలా ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు మొదటి భాగంలో ఉంది. కానీ అక్కడ 'విస్తీర్ణం' అన్న మాటకు బదులు 'విస్తరించి ఉంది' అని రాసి ఉంది.

కాబట్టి ప్రశ్నకూ భాగానికీ మధ్య మిగిలేది ఊరి పేరు. వ్యాసం శీర్షికను ప్రతి భాగంతో కలిపి ఇండెక్స్ చేస్తారు కనుక ఆ పేరు వ్యాసంలోని అన్ని భాగాలకూ కనీసం ఒకసారి దక్కుతుంది. సరైన ఊరి వ్యాసాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. ఆ వ్యాసంలోని ఏ భాగం ముందుండాలన్నదే సమస్య. ఆ నిర్ణయం పేరు ఒకసారి వచ్చిందా రెండుసార్లు వచ్చిందా, భాగం ఎంత పొడవుంది అనే రెండు అంశాల మీద ఆధారపడుతుంది. కొత్తపల్లి వంటి పేర్లు అనేక జిల్లాల్లో ఉన్నందున ఒకే పేరున్న వేర్వేరు వ్యాసాల మధ్య కూడా ఇదే పోటీ నడుస్తుంది.

నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడుంది. వ్యాసాలు స్వేచ్ఛగా రాసినవైతే ఒక్కో ప్రశ్నకు వరుస తారుమారయ్యే బి విలువ ఒక్కో చోట ఉంటుంది, అందువల్ల బిని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే ఫలితం కూడా నెమ్మదిగా కదులుతుంది. మూసలో రాసిన వ్యాసాల్లో నిడివుల నిష్పత్తులు ఊరు మారినా మారవు. ఒక ఊరికి వరుసను తిరగేసే బి విలువే పక్క ఊరికి, ఆ పక్క ఊరికి కూడా ఇంచుమించు వర్తిస్తుంది. అందువల్ల బి ఆ విలువ అనే గీతను దాటినప్పుడు ఒకేసారి పెద్ద సంఖ్యలో ప్రశ్నల జవాబులు మొదటి, రెండో స్థానాల మధ్య మారతాయి. ఎంఆర్‌ఆర్ అత్యంత సున్నితంగా ఉండేది కూడా ఆ రెండు స్థానాల మధ్యే. తెలుగులో రెండు సంఖ్యల సవరణ ఇంత ఫలితం ఇవ్వడానికి ఈ రెండూ కలవడమే ప్రధాన కారణమని నేను భావిస్తున్నాను.

విలువలను వెతికే విధానం

విధానంలో కొత్తదనమేమీ లేదు. కె1ను, బిని 0.1 చొప్పున పెంచుతూ ప్రతి జంటకు ఫలితాన్ని కొలిచి పట్టికలో రాయడమే. ఒకసారి ఇండెక్స్ తయారయ్యాక దాన్ని మళ్లీ నిర్మించనక్కర్లేదు, ఎందుకంటే ఇండెక్స్‌లో పదాల సంఖ్యలు, నిడివి మాత్రమే నిల్వ ఉంటాయి, రెండు పారామీటర్లు ప్రశ్న వేసే సమయంలో వర్తిస్తాయి. లూసీన్ నిడివిని ఒకే బైట్‌లో భద్రపరుస్తుంది కాబట్టి 40 పదాల వరకే అది కచ్చితంగా ఉంటుంది, ఆ పైన దగ్గరి విలువకు కుదించబడుతుంది. దగ్గర దగ్గర పొడవున్న రెండు భాగాలు సమాన స్కోరుతో వస్తే ఈ సంగతి గుర్తుకు రావాలి.

ఏ ప్రశ్నల మీద వెతుకుతున్నామో, ఏ ప్రశ్నల మీద ఫలితం చెబుతున్నామో రెండూ వేరుగా ఉండాలి. మిస్టర్ టైడైలో తెలుగుకు 983 అభివృద్ధి ప్రశ్నలు విడిగా ఉన్నాయి. విలువలను వాటి మీద తేల్చి, 646 పరీక్ష ప్రశ్నల మీద కొలవాలి. బెంగాలీలో పరీక్ష ప్రశ్నలు 111 మాత్రమే, అక్కడ కనిపించిన 0.005 తగ్గుదలను సవరణ వైఫల్యంగా చదవకూడదు. ఒక్క ప్రశ్నకు జవాబు మొదటి స్థానం నుంచి రెండో స్థానానికి జారితేనే అంత చిన్న సమితిలో సగటు 0.0045 తగ్గుతుంది.

పట్టికలో అన్నిటికంటే పెద్ద సంఖ్య ఉన్న గడిని ఎంచుకోవడం చాలామందికి అలవాటు. మూసలో రాసిన సేకరణలో ఇది ప్రమాదకరం, ఎందుకంటే ఆ గడి పైన చెప్పిన గీతకు ఆనుకుని ఉండవచ్చు. రేపు కొన్ని వ్యాసాలు చేరి సగటు నిడివి కాస్త మారితే వందల ప్రశ్నల జవాబులు ఒక్కసారిగా వెనక్కి వెళతాయి. చుట్టుపక్కల గడులన్నీ దాదాపు సమానంగా ఉన్న చోటును వెతికి, దాని మధ్యలోని విలువను తీసుకోవడం మేలు. నేను అభివృద్ధి ప్రశ్నలను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, రెండింటిలోనూ అదే ప్రాంతం బాగుందో లేదో చూస్తాను. ఆ తర్వాత మెరుగైన ప్రశ్నలను, దిగజారిన ప్రశ్నలను విడదీసి ఒక్కొక్కటిగా చదువుతాను. మెరుగైనవన్నీ గ్రామాల ప్రశ్నలే అయితే, ఆ విలువలు సినిమాలు, పురాణాలు, ఆరోగ్యం గురించి అడిగే వాడుకరులకు తగినవని చెప్పలేం. నిజమైన సైట్‌కు వచ్చే ప్రశ్నల మిశ్రమం డేటాసెట్‌లోని మిశ్రమంలా ఉండాలన్న నియమం లేదు.

కొలమానం ఎంపిక కూడా విలువలను మారుస్తుంది. ఎంఎస్ మార్కో చిన్న భాగాల సేకరణలోనే, మొదటి 1,000 ఫలితాల్లో జవాబు ఎక్కడైనా ఉంటే చాలనుకున్నప్పుడు 0.82, 0.68 తేలగా, జవాబు పైవరుసలో ఉండాలనుకున్నప్పుడు 0.60, 0.62 తేలాయి. బీఎం25 ఇచ్చిన జాబితాను ఆ తర్వాత ఒక పెద్ద మోడల్ మళ్లీ వరుస పెడుతుందంటే మొదటి లక్ష్యం తీసుకోవాలి. బీఎం25 జాబితానే నేరుగా వాడుకరి చూస్తాడంటే రెండోది.

విశ్లేషకం మారినప్పుడు

ఆ తర్వాతి లూసీన్ 9 వెర్షన్లలో తెలుగు విశ్లేషకం చేరింది. ప్రత్యయాలను తొలగించే విశ్లేషకం పెట్టగానే పాత విలువలకు ఆధారం పోతుంది. పై ఉదాహరణనే తీసుకుంటే, 15 పదాల భాగంలోని 'కొత్తపల్లిలో' కూడా ఇప్పుడు పేరుగా లెక్కకు వచ్చి సంఖ్య 2 అవుతుంది. పొడవైన భాగంలో కూడా సంఖ్య 2గానే ఉంటే, పేరు వరకు చూసినప్పుడు బి సున్నా కానంతవరకు చిన్న భాగమే గెలుస్తుంది, 0.571 అన్న గీత మాయమైపోతుంది. అదే సమయంలో 'జనాభాతో' అన్నది 'జనాభా'గా మారి ప్రశ్నతో సరిపోలడం మొదలవుతుంది, కాబట్టి జవాబున్న పొడవైన భాగానికి రెండో పదం దన్నుగా వస్తుంది. ఒకే పదం మీద నడిచిన పోటీ రెండు పదాల పోటీ అవుతుంది, అంతవరకు పెద్దగా పని లేని కె1కు పని పడుతుంది. రూపాలు కలిసిపోవడం వల్ల పదాల బరువులు కూడా తగ్గుతాయి. ఈ కారణాల వల్ల విశ్లేషకాన్ని మార్చి, పాత కె1, బిలతోనే కొలిచి, విశ్లేషకం మేలు చేసిందనో కీడు చేసిందనో తేల్చడం సరికాదు. పోల్చవలసింది రెండు విశ్లేషకాలనూ వాటి వాటి సవరించిన విలువలతో.

ఇదే న్యాయం న్యూరల్ మోడళ్లతో పోలికకూ వర్తిస్తుంది. ఇంగ్లీషు ప్రశ్నోత్తరాల మీద శిక్షణ పొందిన బహుభాషా మోడల్ ఎండీపీఆర్‌కు ఇదే తెలుగు పరీక్షలో 0.106 వచ్చింది. 2022 నాటి మిరాకిల్ డేటాసెట్‌లో, ఎన్‌డీసీజీ అనే మరో కొలమానం ప్రకారం, తెలుగుకు డిఫాల్ట్ బీఎం25 0.494 సాధించగా ఎండీపీఆర్ 0.356 సాధించింది. కొత్త మోడళ్లు దీన్ని దాటుతాయి, దాటాలి కూడా. కానీ సవరించని బీఎం25ను దాటడం, సవరించినదాన్ని దాటడం ఒకటి కావు. మిస్టర్ టైడై తెలుగులో ఆ రెండింటి మధ్య 0.081 ఉంది.

బీఎం25 స్కోరును న్యూరల్ మోడల్ స్కోరుతో కలిపి వాడేవారు మరొకటి చూసుకోవాలి. సూత్రం పైభాగంలోని (కె1 + 1) అన్ని భాగాలకూ సమానమే కాబట్టి వరుసను మార్చదు, ఆ కారణంగానే లూసీన్ 8లో దాన్ని తీసేశారు. అయితే రెండు స్కోర్లను కూడేటప్పుడు వాటి పరిమాణమే ముఖ్యం. పాత వెర్షన్‌లో కె1 = 1.2తో నడిచిన వ్యవస్థను కొత్త వెర్షన్‌కు మారిస్తే బీఎం25 వైపు స్కోర్లన్నీ 2.2 రెట్లు చిన్నవవుతాయి, న్యూరల్ వైపు మొగ్గు దానంతట అదే పెరుగుతుంది. కె1ను మార్చిన ప్రతిసారీ, వెర్షన్ మారిన ప్రతిసారీ, రెండు స్కోర్లను కలిపే నిష్పత్తిని కూడా అవే అభివృద్ధి ప్రశ్నల మీద మళ్లీ తేల్చాలి.